శివపార్వతి పెట్టిన సంతకం

ఓర్వకల్లు దగ్గర పలుగురాయిని పొడి చేసే మిల్లులో శివపార్వతి నర్సు. కార్మికులకు ఏటా తీయించే ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు ముందు ఆమె బల్ల మీదికే వస్తాయి. ఈసారి పదకొండు మందికి దుమ్ముజబ్బు పట్టిందని డాక్టరు రాసి పంపాడు. మేనేజరు జయకుమార్ ఆ కాగితాలు తీసుకుని, రిజిస్టరులో అందరూ ఆరోగ్యంగా ఉన్నారని రాయమన్నాడు.

"నేను రాయలేను సార్."

"నువ్వు రాయకపోతే ఇంకొకరు రాస్తారమ్మా."

మరునాటికి ఎవరో రాసేశారు కూడా. ఆ పదకొండు మందిలో ఒకడైన ఓబులేష్ మాత్రల కోసం వచ్చేవాడు. "దగ్గు తగ్గలేదక్కా" అంటే, అతని మొహం చూడలేక ఆమె మందు సీసాల వైపు తిరిగేది.

అలా వారం గడిచింది. మేనేజరుకు కాగితాలు ఇచ్చేముందే ఫోనులో తీసుకున్న ఫొటోలతో శివపార్వతి కర్నూలు వెళ్లి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది.

"ఫిర్యాదు ఇచ్చినోళ్ల పేరు మేము చెప్పకూడదమ్మా. చట్టంలోనే ఉండాది" అన్నాడాయన.

మాట తప్పలేదు. తనిఖీకి వచ్చినప్పుడు ఆమె వైపు కన్నెత్తి చూడలేదు. కానీ మిల్లులో ఆ కాగితాలు ముట్టింది ఆమె, మేనేజరు ఇద్దరే. ఫిర్యాదు ఎవరిదో అందరికీ అర్థమైపోయింది. దుమ్ము పీల్చే యంత్రాలు పెట్టేదాకా మిల్లు ఆపమని ఉత్తర్వు వచ్చింది. రెండు నెలలు ఎవరికీ పని లేదు.

మిల్లు తెరిచాక ఆమెను తీసేయలేదు, జీతమూ కోయలేదు. పాత సామాన్ల గోదాములో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. భోజనాల షెడ్డులో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. రోజూ బస్సులో సీటు పట్టిపెట్టే రత్నమణి ఇప్పుడు వెనక్కి వెళ్లి కూర్చునేది. సాయంత్రం కండక్టరుకు ఊరి పేరు చెప్పబోతే, పొద్దుట్నుంచి మాట్లాడని గొంతు పెగిలేది కాదు.

లేబర్ ఆఫీసుకూ వెళ్లింది. అక్కడి అధికారి అర్జీ చదివి నిదానంగా చెప్పాడు. "ఉద్యోగం తీసుంటే, జీతం కోసుంటే అడగొచ్చు తల్లీ. మాట్లాడకపోవడం తప్పని యాడా రాయలేదు."

మరుసటి ఏడు ఎవరి ఎక్స్‌రే వాళ్ల చేతికే ఇచ్చారు. దుమ్ములేని గేటు పనికి మారిన ఓబులేష్ తన కవరు పట్టుకుని గోదాములోకి వచ్చాడు.

"రెండు నెలలు ఇంట్లో శానా కష్టమైందక్కా. నీ మీద కోపం ఇంకా ఉండాది" అన్నాడు. తర్వాత కవరు అందించాడు. "ఇది సూసి చెప్పు. కొత్త నర్సు ఏం చెప్పిందో అర్థం కాలేదు."

ఆమె ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, మచ్చలు ఎక్కడున్నాయో, పోయినేటికంటే పెరగలేదనీ, ఇక తగ్గవనీ, దుమ్ముకు దూరంగా ఉంటే చాలావరకు ఆగొచ్చనీ దాచకుండా చెప్పింది. అతను తలుపు బయటికి చూసుకుంటూ విన్నాడు.

"నువ్వు చెప్పినావని యాడా అననులే అక్కా."

"అనొద్దులే. ఆ పొడి దగ్గరికి మాత్రం పోవద్దు."

అతను వెళ్లాక ఆమె రోజూలా తలుపు దగ్గరగా వేయలేదు. ఆ పూట తెరిచే ఉంచింది.