పేడపురుగు గూడు

నేను పనిచేసే కీటకాల ప్రదర్శనశాలలో సీతాకోకచిలుకలకు అద్దాల మేడ కట్టారు. అరచేయంత నీలి రెక్కలాడిస్తూ అడవి సీతాకోకచిలుక తలమీదుగా పోతుంటే జనం నోరెళ్లబెట్టి చూస్తారు. పక్కగదిలో మట్టి నింపిన గాజుపెట్టెలు నావి. వాటిలో అడవి పేడపురుగులుంటాయి. వాటివైపు కన్నెత్తి చూసేవాడు లేడు. ముక్కు మూసుకుని దాటిపోతారు.

నా మేనకోడలు మాత్రం చూసేది. అన్నయ్య పోయాక వదిన ఉద్యోగానికి వేరే ఊరెళ్తూ దాన్ని నాకు అప్పగించింది. నాలుగేళ్లు పెంచాను. ఇప్పుడొచ్చి తీసుకెళ్తానంది. కన్నతల్లి, కాదనడానికి నేనెవర్ని? కానీ కడుపు మండింది. వదిన వింటుండగానే పిల్లకు పాఠం చెప్పాను. సీతాకోకచిలుక ఆకుమీద గుడ్లు పెట్టేసి తన దారిన తాను ఎగిరిపోతుంది. పేడపురుగు అలా కాదు. పేడను ఉండలు చేసి, ఒక్కో ఉండలో ఒక్కో గుడ్డు పెట్టి, బూజు పట్టకుండా గోకుతూ, పిల్లలు బయటపడేదాకా చీకట్లో కాపలా కాస్తుంది. వదిన పిల్ల బట్టలు మడిచి సంచిలో సర్దింది.

"మన పెట్టెలో గూడు కట్టిన పేడపురుగుకి పిల్లలు పుట్టగానే ఫోన్ చెయ్యి అత్తా, చూడ్డానికొస్తా," అంది పిల్ల వెళ్లేముందు.

దాంతో నాకు వేరే ధ్యాస లేకుండా పోయింది. ఇల్లు బోసిపోయింది. పని అయిపోయినా ఆ పెట్టె ముందే కూర్చునేదాన్ని. గూడు కదిపితే తల్లి బెదిరి ఉండల్ని వదిలేస్తుందని కొత్తవాళ్లకు చెప్పేది నేనే. అలాంటిదాన్ని, ఒక సాయంత్రం చేతులు ఊరుకోక చెంచాతో మట్టి తీశాను. ఒక ఉండ పగిలింది. లోపల పాలరంగు పిల్ల, కాళ్లు ముడుచుకుని, ఇంకా పూర్తిగా పురుగు కాలేదు. తల్లి మూలకు పాకిపోయి మళ్లీ గూటికి రాలేదు. వారం తిరక్కుండా మిగతా ఉండలు బూజు పట్టాయి.

పిల్ల ఫోన్ చేసి పుట్టాయా అని అడిగింది. చచ్చిపోయాయంటే ఇక రావడానికి పనేముంది?

"ఇంకా లేదు తల్లీ. ఆలస్యమయ్యేలా ఉంది," అన్నాను.

వదిన ఫోన్ తీసుకుంది. పిల్లకు వినబడకుండా పక్కకు వచ్చినట్టుంది, గొంతు తగ్గించింది.

"అవి పోయాయి కదూ?"

నేను అవుననేలోపే వదినే మళ్లీ అందుకుంది.

"ఆ నాలుగేళ్లూ పిల్ల పాలు తాగిందా అని నీకు రోజూ ఫోన్ చేసేదాన్ని. తాగుంటుందని నాకు తెలీదా? వెనకనుంచి దాని గొంతు వినబడుతుందేమోనని చేసేదాన్ని. పురుగులు లేకపోయినా ఆదివారం వస్తాం."

ఆ రోజు నేను చెప్పిన పాఠం ఆమె మరిచిపోయి ఉండదు. నేనూ మరిచిపోలేదు.

"రా వదినా," అన్నాను.