చేతిలో మిగిలిన లేబుల్

"అదంతా కాదు, ఒక్క మాట నాకు గుర్తు చెయ్యొద్దూ?" అన్నారు మా ఆయన మూడోసారి.

నేను బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు వలుస్తున్నాను. ఆ పొద్దున వాళ్ళ అక్కయ్యకి కంటి ఆపరేషన్ అయింది. ఈయన ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం ఆవిడే కంటికి కట్టుతో వాళ్ళమ్మకి ఫోన్ చేసి, "తమ్ముడు కులాసాయేనా, నా సంగతి సరేలే" అందట. ఆ "సరేలే" దగ్గర మొదలైన పంచాయితీ గంటసేపటిగా నడుస్తోంది. తప్పు నాదని ఎప్పుడో తేలిపోయింది, ఇక శిక్షే మిగిలింది.

"ఆడపడుచు సంగతి కదా, ఎలా గుర్తుంటుందిలే" అన్నారు అత్తయ్య కుర్చీలోంచి. "అదే తన తమ్ముడికి తుమ్మొస్తే మనందరికీ జలుబు చేసినంత హడావిడి."

"ఇంటి సంగతులు నువ్వు చూసుకుంటావనేగా నేను నిశ్చింతగా ఉండేది?" అన్నారాయన.

ఇంకోరోజైతే గయ్యిమనేదాన్నే. ఇవాళ బఠాణీలు వలుస్తూనే ఉన్నాను. గుర్తు చేశానో లేదో నాకే తెలియడం లేదు. పొద్దున జరిగిందంతా వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళాను. పాలు కాచడం ఉంది, నీళ్ళ మోటారు ఆపడం ఉంది, ఆ తర్వాత ఏకంగా బస్సులో ఉన్నాను. మధ్యలో ఏమీ లేదు.

"అమ్మ చెప్పింది నాన్నా" అంది అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా. "నువ్వు గడ్డం గీసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు చెప్పింది. నువ్వు ఊఁ అన్నావు కూడా."

ఆయన నున్నటి గడ్డం తడుముకున్నారు. లెక్కప్రకారం నేను గెలిచాను. కానీ గెలిచినట్టు లేదు. రెండుసార్లు చెప్పానట. ఆ తలుపు గానీ, ఆ ఊఁ గానీ నా తలలో ఎక్కడా లేవు.

పందొమ్మిదేళ్ళుగా రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి నేనే నేర్పుతాను, ముందు పేరు అడుగు, లేబుల్ మీద పేరు చదువు, మనిషి ఎదురుగా ఉండగానే ట్యూబుకి అతికించు అని. ఇవాళ పదకొండింటికి నా ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎల్లుండి ఆపరేషన్, రక్తం గ్రూపు చూడాలి. ఆయన వెనక నిండు గర్భిణి, ఆమెకీ గ్రూపే. రక్తం తీశాను. ఫోన్ మోగింది. "అమ్మా, నా తెల్ల సాక్సులెక్కడ?" మెడకీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి, "రెండో అర, తువ్వాళ్ళ కింద" అంటూనే, చేతిలో ఉన్న ఇద్దరి లేబుళ్ళలో ఒకటి ట్యూబుకి అతికించాను. ఆ గర్భిణి వచ్చి కూర్చుంది. పేరు అడిగి, నా చేతిలో మిగిలిన లేబుల్ చదివాను. మగ, డెబ్బై ఒకటి అని ఉంది. ఆమె లేబుల్ పెద్దాయన రక్తం మీద ఉంది.

ఆయన ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు కాబట్టి సరిపోయింది. వెనక్కి పిలిచి, రక్తం గడ్డకట్టిందని అబద్ధమాడాను. "తీసుకో తల్లీ, ఉన్నదేగా" అని రెండో చెయ్యి చాపాడు. ఆ చేతి మీద నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. "ఆడవాళ్ళు ఫోనూ సూదీ ఒకేసారి పట్టుకుంటే ఇంతే" అన్నాడు అటుగా పోతున్న ఇన్‌చార్జి నవ్వుతూ. అతనికి అసలు సంగతి తెలియదు. మాట మాత్రం నిజమే అనిపించి నేనూ నవ్వాను.

ఇవాళ పట్టుకున్నాను సరే. పట్టుకోనివి ఎన్ని? తలుపు దగ్గర నిలబడి మాట్లాడిన మనిషి నేనేనని గుర్తులేనప్పుడు, నిన్న నా చెయ్యి ఏ ట్యూబుకి ఏ పేరు అతికించిందో ఏ నమ్మకంతో చెప్పను? గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఈయన కళ్ళజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయారో, అత్తయ్య ఏ పూట ఏ బిళ్ళ వేసుకోవాలో, అన్నీ ఈ ఒక్క తలలోనే కుక్కారు. మొన్నటిదాకా అదే నా గొప్ప అనుకున్నాను. "మా కోడలికి చెబితే బండమీద చెక్కినట్టే" అని అత్తయ్య పదిమందిలో అంటే పొంగిపోయాను కూడా. ఇప్పుడు ఏదో ఒకటి వదిలెయ్యాలంటే భయంగా ఉంది. వదిలినదే రేపు ప్రాణం మీదికి తెస్తే? వదలకపోతే మాత్రం, ముక్కూ మొహం తెలియని ఏ మనిషి ఒంట్లోకో తప్పుడు రక్తం ఎక్కుతుంది.

గిన్నె పక్కకి జరిపాను. ల్యాబులో జరిగింది ముగ్గురికీ చెప్పాను. అమ్మాయి ఫోన్ బోర్లించింది. "ఆ ఫోన్... నేనే కదమ్మా?" అంది.

"ఇప్పుడదంతా ఎందుకు, పట్టుకున్నావుగా" అన్నారాయన. "ఎవరితోనూ అనకు. ఉద్యోగానికే ఎసరొస్తుంది."

"రేపు పొద్దున్న ఇన్‌చార్జికి చెబుతాను. ఈ నెలలో గ్రూపు పరీక్షకి నేను రక్తం తీసినవాళ్ళందరినీ పిలిపించి మళ్ళీ తియ్యమంటాను. అక్కడున్నంతసేపూ నా ఫోన్ మోగదు. ఇంట్లో కూడా నా పనులు తప్ప ఇంకెవరి పనీ ఇక గుర్తుపెట్టుకోను. గుర్తు చెయ్యను" అన్నాను.



"మరి నా బిళ్ళల సంగతేమిటమ్మాయ్?" అన్నారు అత్తయ్య. మొట్టమొదటిసారి ఆ గొంతులో భయం విన్నాను. నా భయం కంటే అదేం చిన్నది కాదు. లేచి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన వైపు చూస్తూ అన్నాను.

"డాక్టరు చీటీ సీసాల పక్కనే ఉంది అత్తయ్యా. ఈ ఇంట్లో అందరికీ చదువొచ్చు."