తలంబ్రాల బియ్యం

సాగరు కాలవ నీళ్లు మా నకరికల్లు చేలకు వచ్చిన తొలి ఏడు వరి వేశాం. అంతకుముందు జొన్న, పత్తి తప్ప ఎరగం. మాఘంలో మా అమ్మాయి విజయలక్ష్మి పెళ్లి. సొంత వడ్ల బియ్యంతోనే తలంబ్రాలు కలపాలని నా కోరిక. వాటిలో విరిగిన గింజ ఉండకూడదంటారు.

కోతల నాటికి మబ్బేసింది. వడ్లు తడిసి మొలకెత్తుతాయేమోనని నాకు ఒకటే భయం. నా పోరు పడలేక మా ఆయన సగం చేను కోయించి వెంటనే నూర్పించారు. గింజలో ఇంకా పచ్చి ఆరలేదు. ఎండ రాగానే, జొన్నలు ఆరబోసినట్టే, నాపరాళ్ల మీద పల్చగా పోశాం. రాళ్లు కాళ్లు కాలేంత వేడెక్కాయి. రాత్రి మంచు పడినా కప్పలేదు. జొన్నలకు ఏనాడు కప్పాం గనక? కొరికితే గింజ పుటుక్కుమంది, ఆరినట్టే. గండం గడిచిందనుకున్నాను.

మిల్లులో ఆడిస్తే సగానికి సగం నూకలే. పిల్ల కాపురానికి ఇదేం సూచన? మర చెడిందేమో చూడమని మిల్లు నడిపే అబ్దుల్ జబ్బార్‌ను అడిగాను. అతను మిగిలిన వడ్లలోంచి ఒక గింజ ఒలిచి వెలుతురుకు పట్టాడు. బియ్యపుగింజకు అడ్డంగా సన్నటి పగులు.

“మర తప్పు గాదక్కా. పచ్చి వడ్లను కాలే బండ మీద పోసి, మళ్లా మంచుకు ఒదిలేశారు. పగలకేం జేసుద్ది?”

మిగతా చేనైనా బాగా పండనిచ్చి, నీడలో మందంగా పోసి, తిరగేస్తూ నెమ్మదిగా ఆరనివ్వమన్నాడు. సాయంత్రానికి కప్పమన్నాడు.

అలాగే మిగతా చేను పండాక కోయించి, చావిట్లో గోనెపట్టాల మీద పోశాం. మళ్లీ మబ్బు పట్టింది. ఇవి బూజు పడితే ఇక గింజ లేదు. ఎండ తొంగిచూసినప్పుడల్లా బండల మీదికి లాగుదామని లేచేదాన్ని.

“కూసోవే. ఇయ్యి గూడా నూకలు జేస్తావా ఏంది?” అన్నారు మా ఆయన.

విజయలక్ష్మి నా పక్కన కూర్చుని వడ్లు తిరగేసింది. “నూకలైతే ఉప్మా జేద్దాంలేమ్మా. మీ అల్లుడు తింటాడు,” అంది. నాకు నవ్వు రాలేదు. చెయ్యి పెట్టి అడుగున వేడి పుట్టిందేమో చూస్తూనే ఉన్నాను.

ఈసారి బియ్యం నిండుగా, తెల్లగా దిగింది. అయినా నమ్మలేక పెళ్లినాడు తలంబ్రాలకు తీసిన బియ్యాన్ని చేటలో పోసుకుని గింజ గింజా చూశాను. అడుగున ఒక నూక కనిపించింది. అటూ ఇటూ చూసి దాన్ని నోట్లో వేసుకుని మింగేశాను. తర్వాత పసుపు కలిపాను.