పద్దెనిమిదో తప్పు

తాడేపల్లిగూడెంలో మా హేతువాద సంఘం సభకు నేను ఎంచుకున్న విషయం ‘దయ్యాల నవలలు: మెదడుకు సెలవు’. ఉదాహరణగా ‘పవర్‌పేట పిశాచి’ అనే కొత్త నవలను తీసుకుని తుక్కుతుక్కు చేయాలని నిశ్చయించుకున్నాను. ఆ పుస్తకం ఏలూరులో మా పక్కింటి పుష్పలతగారిది. ఆమె రిటైరైన టీచరు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ ఇలాంటి చెత్తకు.

“చదివారాండీ?” అని అడిగారామె.

“అట్ట చూశానండి. చాలు.”

“ప్రయోగం చెయ్యకుండా రికార్డులో రిజల్టు రాసేసిన పిల్లల్ని ఫెయిల్ చేసేవారట కదండీ, దత్తాత్రేయులుగారూ!”

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాడికి ఆ మాట గుచ్చుకుంది. పుస్తకమూ ఎర్ర పెన్సిలూ పట్టుకుని మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను.

కథ ఇదీ. మండవల్లి దగ్గర కొల్లేటి గట్టున ఒక పిశాచి ఉండేది. చేపల చెరువుల మీద ఫ్లడ్‌లైట్లు పెట్టాక దానికి చీకటి కరువైంది. బతుకుతెరువు కోసం ఏలూరు వచ్చి, పవర్‌పేట కరెంటు ఆఫీసులో మీటర్ రీడరుగా చేరింది. గోడల్లోంచి దూరి, తాళం వేసిన ఇళ్ల రీడింగులు కూడా తెస్తుంది.

ఒకటి: రెటీనా లేనిది అంకెలు ఎలా చూస్తుంది? రెండు: గోడలోంచి దూరిపోయే కాళ్లు నేల మీద ఎలా నిలుస్తాయి? భీమడోలు వచ్చేసరికి మార్జిన్లో పదిహేడు తప్పులకు నంబర్లు వేశాను. రచయితకు గురుత్వాకర్షణ మీద ఏదో పగ ఉన్నట్టుంది. భాష చవక, పాత్రలు అట్టముక్కలు.

తర్వాతి అధ్యాయంలో ఆఫీసులో హాజరు యంత్రం పెట్టారు. పిశాచి వేలిముద్ర పడలేదు.

“ముద్ర పడకపోతే నువ్వు లేనట్టేనమ్మా,” అన్నాడు సూపరింటెండెంటు.

“నేను లేననే అందరూ అంటారండీ.”

“అందరూ అంటే ఎలాగమ్మా? నువ్వు లేవని గెజిటెడ్ ఆఫీసరు చేత రాయించుకు రా. అప్పుడు చూద్దాం.”

నేను నవ్వాను. చిరునవ్వు కాదు, ఎదుటి సీటులో కునుకుతున్నావిడ ఉలిక్కిపడి లేచింది. తలెత్తి చూస్తే నిడదవోలు; దిగాల్సిన తాడేపల్లిగూడెం ఎప్పుడో దాటిపోయింది. పెన్సిలు ఎక్కడో జారిపోయింది.

మా సంఘానికి ఒక నియమం ఉంది. పన్నెండేళ్ల కిందట నేనే పెట్టాను. ఆలస్యంగా వచ్చినవారు మైకు ముందు నిలబడి అసలు కారణం చెప్పాలి. అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. బయల్దేరేటప్పుడు ఎవరో తుమ్మితే ఆగానన్న జగ్గారావును ఆ మైకు ముందే ఇరవై నిమిషాలు కడిగేశాను. అప్పటినుంచి ఆయన వెనక వరసలోనే కూర్చుంటాడు, నోరు విప్పడు.

వెనక్కి వచ్చే బండి పట్టుకుని సభకు చేరేసరికి గంటంబావు ఆలస్యం. అధ్యక్షుడు నిత్యానందంగారు దయగల మనిషి.

“ట్రైను లేటయ్యుంటుంది లెండి. కూర్చోండి మాస్టారూ.”

అబద్ధాన్ని ఇస్త్రీ చేసి మరీ చేతికిచ్చారు. తొడుక్కుంటే ఎవరికీ తెలియదు. జగ్గారావు వెనక వరసలోంచి నన్నే చూస్తున్నాడు.

మైకు ముందుకు నడిచాను. “ట్రైను టైముకే వచ్చింది. నేనే దిగలేదు. పిశాచి హాజరు సంగతి చదివి నవ్వుతుంటే ఊరు దాటిపోయింది.”

నిత్యానందంగారు కలం తీశారు. “కారణం... పిశాచి అని రాయమంటారాండీ?”

“వద్దండీ. నవ్వు అని రాయండి. పిశాచులు లేవు.”

తర్వాత పదిహేడు తప్పులనూ వరసగా, ఒక్కటీ వదలకుండా చదివాను. ఆ నవల మీద నా అభిప్రాయంలో ఏ మార్పూ లేదు. ప్రశ్నలు అడగమనగానే వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

“ఇంతకీ ఆవిడ వేలిముద్ర పడిందాండీ?” అన్నాడు జగ్గారావు.

“ఇంకా అక్కడిదాకా రాలేదు,” అన్నాను. అది కూడా నిజమే.

సాయంత్రం తిరుగు బండిలో, ఏలూరు రాగానే తట్టి చెప్పమని పక్క సీటాయన్ను బతిమాలుకుని, పుస్తకం తెరిచాను.