ఖాళీ బరువు

రత్నమణి చూపుడువేలితో టీవీ అంచును గీసి, ఆ వేలిని కోడలి ముఖానికి ఎదురుగా పెట్టింది. "కంటికి కనపడని దుమ్మును తూస్తాదంట. కనపడేది మటుకు ఈడనే ఉండాది."

రెజీనా గుడ్డ తెచ్చి తుడిచింది. ఇంట్లో అత్త దుమ్మెత్తిపోస్తుంది, ల్యాబులో తను ఆ దుమ్మునే ఎత్తి తూస్తుంది. పదకొండేళ్ల కాపురంలో ఈ చమత్కారానికి నవ్వు రాలిపోయి మాట ఒక్కటే మిగిలింది. ఉగ్గాని తింటూ భర్త ఏసుకుమార్ తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆ పంపు ఎనిమిది గంటలు నడిచినాదని రాయి. రాసేది గాలే కదమ్మే."

కడప బయట నాపరాళ్ల ఫ్యాక్టరీలో అతను సూపర్‌వైజరు. కోత మిషను దగ్గర కూర్చునే మహాదేవి పీల్చే దుమ్మును కొలవడానికి, మొన్న ల్యాబువాళ్లు ఆమె చొక్కా గల్లాకు ఫిల్టరు కాగితం తగిలించి, నడుముకు గాలి లాగే పంపు కట్టారు. ఐదు గంటలు గడిచేసరికే దగ్గు ఆగక ఆమె పంపు విప్పేసి ఇంటికి పోయింది.

ల్యాబులో రెజీనా త్రాసు ముందు కూర్చుంది. కాగితానికి పట్టిన దుమ్ము బరువును పంపు పీల్చిన గాలితో భాగించాలి. గాలి ఎక్కువ రాస్తే దుమ్ము తక్కువవుతుంది. ఇంట్లోనూ అదే లెక్క. తను చేసే పని పైన ఎంతున్నా, కింద 'నువ్వు ఖాళీనే కదా' అన్న మాట పెట్టి భాగించేవాళ్లు. కొన్నాళ్లకు తనే భాగించుకోవడం నేర్చుకుంది. నొప్పి లేదు, కోపం లేదు, శేషం లేదు.

మహాదేవి కాగితం మూడు పాయింటు సున్నా రెండు మిల్లీగ్రాములు పెరిగింది. ఇంకో కాగితం ఉంది. పంపు తగిలించకుండా ఊరికే ఫ్యాక్టరీకి పోయి వచ్చేది. రిజిస్టరులో దాని పేరు 'ఖాళీ'. దాని బరువును అసలు కాగితంలోంచి తీసేస్తారు. ఇన్నేళ్లూ తీసేసిందే తప్ప దాన్ని చూసింది లేదు. ఏమీ చెయ్యకుండా వచ్చిన ఆ కాగితమూ సున్నా పాయింటు సున్నా రెండు పెరిగింది.

తీసేస్తే మూడు. ఎనిమిది గంటల గాలితో భాగిస్తే ఘనమీటరుకు మూడు చిల్లర. ఐదు గంటలతో అయితే సరిగ్గా ఐదు. నాలుగు దాటితే మిషను ఆపి, నీళ్ల పైపులు బిగించాలని ఫ్యాక్టరీ ఒప్పుకున్న షరతు.

ఫోను మోగింది. ఏసుకుమార్. "ఏమ్మే, ఖాళీగా ఉండావా? రాసినావా?"

"ఖాళీ కూడా బరువెక్కినాది."

"ఏందీ?"

"మహాదేవి పీల్చినంతసేపే రాసినా. ఐదు గంటలు."

ఆమె ఫోను పెట్టేసి సంతకం చేసింది.

సాయంత్రం రత్నమణి మళ్లీ టీవీ గీసి వేలు చాపింది. రెజీనా గుడ్డ తెచ్చి, ఆ వేలిని శుభ్రంగా తుడిచి, టీవీని అలాగే వదిలేసింది.