చుక్కల పెట్టెకు బొట్టు

“షాక్ కొడితే ఏటి సేస్తావే? వేళ్లెట్టి తడివేదాంట్లోకి కరెంటొస్తే ఎలగ?” అన్నాను, పిల్ల సంచిలోంచి ఆ పెట్టెను ఇంకా బయటికి తీయకముందే.

“బ్యాటరీయే కదమ్మా, ఏటీ అవదు,” అని నవ్వింది సుహాసిని.

మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. ఆ పెట్టె కాలేజీవాళ్లు ఇచ్చినది. ముందువైపు వరసగా సన్నని చుక్కలుంటాయి. ఫోనులో ఏ అక్షరముంటే దానికి తగ్గ చుక్కలు పైకి లేస్తాయి, వేళ్లతో తడిమి చదువుకోవాలి. ఇన్నాళ్లూ ఫోనే గట్టిగా చదివి వినిపించేది. నేను వంటింట్లో ఉన్నా పిల్ల ఏం చదువుతోందో తెలిసేది, గుండె నిమ్మళంగా ఉండేది. ఇక ఆ గొంతూ వినపడదన్నమాట.

మర్నాడు దాంతోనే పరీక్ష. పిల్ల స్నానానికి వెళ్లగానే, ఏ దిష్టీ తగలకూడదని పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. మా ఇంట్లో మిక్సీకైనా, నీళ్ల మోటారుకైనా బొట్టు పెట్టాకే స్విచ్చి వేస్తాం. ఎదురుగా అంత వరసగా చుక్కలు కనబడితే, బొట్లకు చోటు అదే అనుకున్నాను.

పిల్ల వచ్చి తడిమింది. వేళ్లు వాసన చూసుకుంది.

“అమ్మా! పసుపు రాసీసినావేటి? సుక్కలు లెగట్లేదు!”

మా ఆయన నరసింగరావు తొంగిచూసి, “ట్రాక్టరనుకున్నావేటే? నిమ్మకాయలు కూడా కట్టీలేకపోనావా?” అన్నారు.

సుహాసిని కోప్పడలేదు. అలాంటి పెట్టెనే వాడే స్నేహితురాలు ఝాన్సీలక్ష్మికి ఫోన్ చేసింది.

“స్విచ్చి ఆపీసి ఆరనియ్యే. తడిగుడ్డ అస్సలెట్టకు. మెత్తటి పొడి బ్రష్షుతో దులుపు,” అంది ఆ పిల్ల.

ఆరాక సుహాసిని పెట్టెను నా ఒళ్లో పెట్టింది. “పసుపెక్కడున్నాదో నాకెలగ తెలుస్తాది? నువ్వే దులపాల.”

బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఒక్కో చుక్క చుట్టూ దులిపాను.

స్విచ్చి వేసింది. ఎడమ నుంచి కుడికి వేళ్లు కదిలాయి. మళ్లీ మొదటికొచ్చాయి.

“ఏటే, లెగుస్తన్నాయా? పాడైపోనాదా? షాక్ గానీ కొట్టిందేటి? మాటాడవేటే?”

కూర అడుగంటుతున్న వాసన వస్తున్నా నేను లేవలేకపోయాను. వేళ్లు మాత్రం అలా సాగుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి తల ఎత్తకుండానే అంది: “సదువుకుంటన్నానమ్మా. ఈ పాఠం అవనీ, మాటాడతాను.”