ఇగాంగలో నా కాపలా

నేను ఒక దోమతెరని. అలాంటిలాంటి దోమతెరని కాదు, ఉగాండా దేశాన్ని కాచి వడబోసిన దోమతెరని. ఆ దేశం వెళ్లేవాళ్లు ముందు నా దగ్గరికొచ్చి నాలుగు ముక్కలు అడిగి వెళ్లడం మంచిది. నా కాపలాలో దోమ మనిషిని ముట్టుకున్న చరిత్రే లేదు.

సరే, దేశమంతా అంటే దేశమంతా కాదు. ఇగాంగ అనే ఊళ్లో ఒక గది. ఆ గదిలో ఒక మంచం. కానీ కిటికీలోంచి రోడ్డు బాగానే కనిపించేది.

నన్ను కొన్నది తాడేపల్లిగూడెం రైసుమిల్లు మెకానిక్ ఏసుపాదం. మిల్లు చప్పుడు విని ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాడు. పక్కగదిలోంచి పెళ్లాం కృపావతి పిలిస్తే మాత్రం వినపడదు. రెండేళ్లు వాళ్ల మంచం మీద రాజాలా బతికాను. తర్వాత కిటికీలకి మెష్ కొట్టించారు, నన్ను డాబా మీద మినపవడియాలకి కప్పారు. అక్కడ ఒక కాకితో నాకు చిన్న గొడవైంది. ఆ సంగతి తర్వాత చెబుతాను. చెప్పకపోయినా మీకొచ్చే నష్టం లేదు.

ఇంతలో ఇగాంగలో కొత్త మిల్లు బిగించే పని వచ్చింది. మిల్లు అనుకున్న రోజుకి తిరిగితే ఏసుపాదానికి అక్కడే మూడేళ్ల ఉద్యోగం. తిరక్కపోతే ఇంటిదారి.

"ఏవండీ, అక్కడి దోమలు మామూలువి కావంట. కొత్త తెర కొనుక్కోండి," అంది కృపావతి.

"ఇదుండగా ఇంకోటెందుకే? ఉతికి పెట్టెయ్."

"ఎంత ఉతికినా వడియాల వాసన పోవట్లేదండీ."

"దోమలు వడియాలు తినవులే!"

విమానం ఎక్కిన తెరని మా వీధిలో నేనొక్కదాన్నే. ఇక మీకు పనికొచ్చే ముక్కలు వినండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. ఆ పసుపుపచ్చ కార్డు చొక్కా జేబులో ఉంచుకోండి. మావాడు జాగ్రత్త ఎక్కువై దాన్ని సూట్‌కేసులో నా మడతల్లో దాచాడు. దిగగానే కార్డు అడిగితే, సూట్‌కేసు వచ్చేదాకా తప్పిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. అక్కడి ప్లగ్గులకి మూడు చదరపు కాళ్లుంటాయి, మన చార్జరు పట్టదు. నీళ్లు మరగబెట్టి తాగండి. బోడాబోడా అంటే అద్దె మోటారుసైకిలు, హెల్మెట్ లేకుండా ఎక్కకండి. గొడుగు కొనేదాకా వాన ఆగదు. మావాడు గొడుగు కొన్నాక పది రోజులు ఎండ కాసింది, అది వేరే విషయం.

అన్నిటికన్నా ముందు, పలకరించడం నేర్చుకోండి. మావాడు మొదటిరోజే ఇంటి ఓనరు నబిరే దగ్గరికెళ్లి, "పాలున్నాయా?" అన్నాడు.

ఆవిడ కళ్లద్దాల మీంచి చూసింది. "సెబో, బాగున్నావా? నిద్రపట్టిందా? మీవాళ్లు కులాసానా?" సెబో అంటే అక్కడ అయ్యగారూ అని. "ఇవన్నీ అయ్యాక పాలు."

ఆ రోజు నుంచి మావాడు కనపడ్డ ప్రతివాళ్లనీ కులాసా అడిగాడు. మిల్లుకి వెళ్లేసరికి పదయ్యేది.

మలేరియా రాకుండా వేసుకోమని డాక్టరు మాత్రలిచ్చాడు. మావాడు వారం వేసుకుని అలమారులో పడేశాడు. "తెర ఉందిగా!" అన్నాడు. నేను పొంగి గుమ్మటమైపోయాను.

పదిహేనో రోజు పొద్దున, ఇంకో మూడు రోజుల్లో మిల్లు తిప్పాలనగా, మావాడు మంచంతో సహా వణికాడు.

"ఎండదెబ్బమ్మా," అన్నాడు, చూడ్డానికొచ్చిన నబిరేతో.

"ఎండ తగిలినవాడికి మూడు దుప్పట్లెందుకు సెబో? లే, రక్తం చూపిద్దాం," అంది నబిరే. చెప్పులు కూడా ఆవిడే తొడిగి క్లినిక్‌కి లాక్కుపోయింది. మలేరియానే. ఇంకొక్క రోజు ఎండదెబ్బ అనుకుంటూ పడుకుని ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారట. మిల్లు యజమాని దగ్గరికీ ఆవిడే వెళ్లింది. ముందు ఆయన కులాసా, ఆయన ఆవుల కులాసా అడిగి, తర్వాత వారం గడువు అడిగింది. ఆయన ఇచ్చాడు.

ఏడో రోజున మావాడు జ్వరం వణుకు పూర్తిగా పోకుండానే గోడ పట్టుకుని మిల్లు తిప్పాడు. మిల్లు వణకలేదు. ఉద్యోగం నిలిచింది.

ఇంటికొచ్చేసరికి నబిరే నన్ను మంచం మీంచి ఊడదీసి కిటికీ వెలుగుకి పట్టుకుని ఉంది. ఒక చోట పిడికిలి దూర్చింది. అది అవతలికి వచ్చేస్తే నా ముందే వేళ్లు ఆడించింది.

"సెబో, దీన్ని తెర అంటారా మీ ఊళ్లో? నా కోడిపెట్ట పిల్లలతో సహా వెళ్తుంది ఇందులోంచి!"

ఏసుపాదం ఆ చిరుగు చూశాడు. దాని అంచున ఇంకా అంటుకునున్న వడియం ముక్క గోటితో గీకాడు. తిట్టినా బాగుండేది.

ఇక దాచడానికేముంది! ఆ కాకి తల దూర్చి వడియం ఎత్తుకుపోయింది ఆ చిరుగులోంచే. సూట్‌కేసు సర్దేటప్పుడు కృపావతి వేళ్లకి తగలకుండా దాన్ని మడతలోకి లాక్కున్నాను. తెలిస్తే నన్ను మళ్లీ డాబా ఎక్కిస్తారని. ఇగాంగలో గాలి వీచినప్పుడల్లా దాన్ని గోడవైపుకి తిప్పుకున్నాను. మొదటి దోమ వచ్చినప్పుడు చూశాను. రెండోదాన్నీ చూశాను. మూడోది నాకు దణ్ణం పెట్టి మరీ లోపలికెళ్లింది. పొద్దున మావాడు లేచి నబిరేతో, "హాయిగా పట్టిందమ్మా నిద్ర," అంటే ఆ మెప్పు నేనే తీసుకున్నాను.

ఇప్పుడు నబిరే పెరట్లో కోడిపిల్లల మీద ఉన్నాను. చిరుగు ఆవిడే ఎర్రదారంతో కుట్టింది. పైన గద్ద తిరుగుతోంది. ఈసారి నేను గాలికి కూడా కదలట్లేదు.